పది ఇళ్ల పాలు, ఒక్క చక్రం
ఐరోపా కొండ రైతుల కట్టుబాటు కథ

మీ దొడ్లో రెండు ఆవులున్నాయి. రెండూ కలిసి రోజుకు పది, పన్నెండు లీటర్లు ఇస్తాయి. ‘నాలుగు వందల లీటర్ల పాలు ఒక్కసారిగా తెండి, మంచి ధర ఇస్తాం’ అని ఎవరైనా అంటే ఏం చేస్తారు? ‘మా వల్ల ఎక్కడవుతుందండీ’ అంటారు. ఫ్రాన్సు దేశంలో తూర్పు వైపున, స్విట్జర్లాండ్ సరిహద్దులో జురా అనే కొండసీమ ఉంది. అక్కడి చిన్న రైతులకు ఏడు వందల ఏళ్ల కిందట సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. వాళ్లు దాన్ని ఎలా విప్పుకున్నారో తెలుసుకోవడం పాడి ఉన్న ప్రతి రైతుకూ పనికొస్తుంది.

పాలకూ బదులే!

జురా కొండల్లో చలికాలమంతా మంచు. వెనకటి రోజుల్లో దారులు మూసుకుపోయేవి. పాలు పట్నానికి చేరే మార్గమే లేదు. పాలను దాచుకోవాలంటే చీజ్‌గా మార్చాల్సిందే. చీజ్ అంటే మనం తినే జున్ను కాదు. పాలను విరగ్గొట్టి, నీరు పిండి, అచ్చులో పోసి నెలల తరబడి మాగబెట్టే గడ్డ. అక్కడ చేసే ‘కోంతే’ అనే చీజ్ బండి చక్రంలా గుండ్రంగా ఉంటుంది. ఒక్కో చక్రం బరువు సుమారు 40 కిలోలు. దానికి దాదాపు 400 లీటర్ల పాలు కావాలి. చక్రం పెద్దదైతేనే ఎక్కువ కాలం నిలవ ఉంటుంది. ఒక్క ఇంటి పాలతో అది అయ్యే పని కాదు.

అందుకని ఊరంతా పాలు కలిపారు. నాట్లప్పుడు మనం ఒకరి చేలోకి ఒకరు బదులు వెళ్లడం లేదూ? వాళ్లు పాలకు బదులు పెట్టుకున్నారు. ఇవాళ అందరి పాలూ నీ చక్రానికి, రేపు నా చక్రానికి. ఈ ఉమ్మడి పాలకేంద్రాల ప్రస్తావన 13వ శతాబ్దపు పత్రాల్లోనే ఉంది. వాటిని అక్కడ ‘ఫ్రుయిటియేర్’ అంటారు. ఇప్పటికీ జురాలో సుమారు 140 కేంద్రాలు నడుస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం రైతుల సహకార సంఘాలే. దాదాపు 2,400 పాడి కుటుంబాలు వీటికి పాలు పోస్తున్నాయి.

ఒకడి తప్పు అందరి నెత్తిన

పాలు కలిపితే మరో చిక్కుంది. ఒక్కడు చెడ్డ పాలు పోస్తే పదిమంది పాలూ పాడవుతాయి. మీ ఊరి కేంద్రంలోనూ ఒకరు నీళ్లు కలిపితే కేంద్రం మొత్తానికి చెడ్డపేరు వచ్చిన సంగతి మీకు తెలియనిది కాదు. జురా రైతులు దీనికి కట్టుబాట్లు రాసుకున్నారు. 1958లో ప్రభుత్వం కోంతే పేరుకు చట్టరక్షణ ఇచ్చింది. ఆ పేరుతో అమ్మాలంటే ఇవి పాటించి తీరాలి:

* ఆవులు మోంబెలియార్డ్, ఫ్రెంచి సిమెంటాల్ జాతులవే కావాలి.
* ఒక్కో పాడి ఆవుకు కనీసం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల గడ్డి నేల ఉండాలి.
* పాతర గడ్డి, అంటే సైలేజి, పెట్టకూడదు. వేసవిలో పచ్చిగడ్డి, చలికాలంలో ఎండుగడ్డి. పాతర గడ్డి ద్వారా పాలలో చేరే సూక్ష్మజీవుల వల్ల చీజ్ మాగేటప్పుడు ఉబ్బి పగులుతుంది.
* ఒక కేంద్రానికి 25 కిలోమీటర్ల వ్యాసం గల వలయంలోని పాలే రావాలి.
* పితికిన 24 గంటల లోపే పాలను చీజ్ తయారీకి వాడాలి. వేడి చేసి చల్లార్చిన పాలు పనికిరావు.
* చక్రాన్ని కనీసం 120 రోజులు చెక్క బల్లల మీద మాగబెట్టాలి.

చివర్లో పరీక్ష కూడా ఉంది. ప్రతి సరుకుకూ 20కి మార్కులు వేస్తారు. 12 కన్నా తక్కువ వస్తే కోంతే పేరుతో అమ్మనివ్వరు.

ఎక్కువ పండిస్తే లాభమా?

ఈ కథలో మనం ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. ధర బాగుందని తెలియగానే అందరం అదే పంట వేస్తాం. మరుసటి ఏడు టమాటా రోడ్డు మీద పారబోస్తాం. జురా రైతులు దీనికీ మందు కనిపెట్టారు. ప్రతి చక్రానికీ ఒక ఆకుపచ్చ బిళ్ల అతికించాలి. తయారైన తేదీ, కేంద్రం వివరం దాని మీద ఉంటాయి. బిళ్ల లేని చక్రం కోంతే కాదు. ఆ బిళ్లలిచ్చేది రైతులు, కేంద్రాలు, మాగబెట్టే వ్యాపారులు కలిసి 1963లో ఏర్పరచుకున్న ఉమ్మడి సంస్థ. ఏటా ఎన్ని టన్నులు చేయాలో ముందే లెక్కగట్టి అందుకు తగినన్ని బిళ్లలే ఇస్తారు. ఇప్పుడు ఏటా 60 వేల టన్నులకు పైగా తయారవుతోంది. అడిగేవాళ్లు పెరిగితే లెక్క కొద్దికొద్దిగా పెంచుతారు, ఒక్కసారిగా పెంచరు.

2015 మార్చి 31తో ఐరోపా సమాఖ్యలో పాల ఉత్పత్తి మీద ఉన్న కోటాలు ఎత్తేశారు. పాలు ముంచెత్తి చాలా దేశాల్లో ధర పడిపోయింది. అటువంటి రోజుల్లోనూ కోంతే పాలకు మామూలు పాల కన్నా బాగా ఎక్కువ ధరే దక్కింది.

మేత బీడుకూ లెక్కే

ఈ కట్టుబాటు బుద్ధి ఒక్క జురాదే కాదు. స్విట్జర్లాండ్‌లోని ఆల్ప్స్ కొండల్లో టోర్బెల్ అనే పల్లె ఉంది. అక్కడ కొండపై మేత బీళ్లు ఊరందరివీ. 1517లో ఊరివాళ్లు ఒక నియమం రాసుకున్నారు. చలికాలంలో నీ కొట్టంలో ఎన్ని ఆవులను మేపగలవో అన్నిటినే వేసవిలో కొండకు తోలాలి. అంతకు మించితే జరిమానా. చూడండి, ఎంత తేలికైన కొలబద్దో! ఎండుగడ్డి ఎంత ఉందో ఊరందరికీ కనబడుతుంది, దొంగ లెక్క చెల్లదు. ఉమ్మడి ఆస్తి పాడవక తప్పదని పెద్ద చదువులవాళ్లు అంటున్న రోజుల్లో ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పండితురాలు ఇలాంటి పల్లెలను చూపించి ఆ మాట తప్పని తేల్చింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

సర్కారు వంతు

అంతా రైతుల కష్టమే అనుకోవద్దు. ఏటవాలు నేల, తక్కువ ఎండ, దూరపు సంత. కొండ మీద ఖర్చు మైదానం కన్నా ఎక్కువ. రైతు కొండ దిగిపోతే గడ్డినేలలు పొదలు పట్టిపోతాయి. అందుకని 1975 నుంచి ఐరోపా దేశాలు కొండ రైతులకు ప్రత్యేకంగా సాయం ఇస్తున్నాయి. కొండలకు దేశాల సరిహద్దులు తెలియవు కదా! 1991లో ఆల్ప్స్ దేశాలు కలిసి ఆల్ప్స్ ఒడంబడిక రాసుకున్నాయి. ఇప్పుడు అందులో ఎనిమిది దేశాలు, ఐరోపా సమాఖ్య ఉన్నాయి. కార్పాతియన్ కొండల కోసం ఏడు దేశాలు 2003లో అలాంటిదే చేసుకున్నాయి.

మచ్చ లేని చంద్రుడా?

జురాలోనూ మచ్చలున్నాయి. అది సున్నపురాతి నేల. పైన పోసిన పేడనీరు బీటల గుండా తొందరగా నదిలోకి దిగుతుంది. అక్కడి లూ నదిలో 2009, 2010 ప్రాంతంలో చేపలు గుంపులుగా చచ్చాయి. పట్నాల మురుగుతో పాటు పశువుల పేడ, ఎరువులు కూడా కారణమేనని పరిశోధకులు చెప్పారు. మంచి ధర వస్తే ఒక్కో ఆవు నుంచి ఇంకా పిండాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశకు కళ్లెం వేయడం ఎలా అన్నదే ఇప్పుడు అక్కడి సంఘాల ముందున్న ప్రశ్న.

మన సంఘంలో అడగండి

మనం కోంతే చేయనక్కర్లేదు. మన ఎండలో అది కుదరదు కూడా. కానీ వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది చీజ్ ఒక్కటే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, సభ్యులే నియమావళి రాసుకుని సంఘాన్ని నడుపుకునే దారి చూపింది. ఈసారి మీ పాల సంఘం సమావేశానికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మన పాలకు మనం రాసుకున్న కట్టుబాటు ఏమిటి? దాన్ని తప్పిన వాడు అధ్యక్షుడి బంధువైనా జరిమానా కడుతున్నాడా? మన ఊరి గడ్డి, నీరు ఎన్ని పశువులకు సరిపోతాయి?

మొదటి రోజు జవాబు రాకపోవచ్చు. అయినా అడుగుతూ ఉండండి. టోర్బెల్ కట్టుబాటు కూడా ఊరివాళ్లు కూర్చుని రాసుకున్నదే, పైనుంచి ఎవరూ పంపలేదు.