జలుబుకి ఆ మూడు మాత్రలు ఎందుకన్నా?

'పడిశం పది రోగాల పెట్టు' అని సామెత. మా నానమ్మకి ఒక్క తుమ్ము వినిపిస్తే చాలు, ఇదే అందుకుంటుంది. ఇంకో మాట కూడా ఉంది కదా: జలుబుకి మందేస్తే వారంలో తగ్గుతుంది, వేయకపోతే ఏడు రోజులు పడుతుంది అని. నన్నడిగితే ఈ రెండోదే సైన్సుకి దగ్గర.

జలుబు తెచ్చే వైరస్‌లు 200కి పైనే. ఎక్కువసార్లు దొరికేది రైనోవైరస్. అందులోనే 160కి పైగా రకాలు. ఒకటి వచ్చి పోయినా ఇంకోటి క్యూలో ఉంటుంది. దీనికి టీకా లేకపోవడానికి పెద్ద కారణం ఇదే.

మరి వానలో తడిస్తే? వైరస్ లేకుండా జలుబు రాదు. అలాగని అమ్మల మాట కొట్టిపారేయలేం. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు 180 మందిని తీసుకుని, సగం మంది పాదాలను 20 నిమిషాలు చల్లనీళ్లలో పెట్టించారు. నాలుగైదు రోజుల్లో వాళ్లలో 29 శాతం మందికి జలుబు లక్షణాలు కనిపించాయి. మిగతా సగంలో 9 శాతం మందికే. ముక్కులో అప్పటికే నక్కి ఉన్న వైరస్‌కి చలి దారిచ్చి ఉంటుందని వాళ్ల అంచనా.

నాకు చిరాకు తెప్పించేది మాత్రం మెడికల్ షాపు సీన్. "అన్నా, జలుబు. ముక్కులోంచి పచ్చగా వస్తోంది" అనడం ఆలస్యం, అజిత్రోమైసిన్ మూడు మాత్రల స్ట్రిప్పు కౌంటర్ మీద పడుతుంది. చీటీ అడిగేవాళ్లు లేరు. ఆ రంగు చూసి ఇన్ఫెక్షన్ ముదిరిందని భయపడతాం గానీ, వైరస్‌తో కొట్లాడే తెల్లరక్తకణాల్లోని ఒక ఎంజైమ్‌ రంగే ఆకుపచ్చ. మామూలు జలుబులోనూ అలా వస్తుంది.

యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. వైరస్‌కి దాంతో పనే లేదు. కానీ మన ఒంట్లోని బ్యాక్టీరియా మాత్రం ఆ మందు రుచి చూస్తుంది, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఇదే అజిత్రోమైసిన్ మీద డాక్టర్లు టైఫాయిడ్‌కి ఆధారపడుతున్నారు. రేపు నిజంగా అవసరమైనప్పుడు అది పనిచేయకపోతే? స్ట్రిప్పు మీద నిలువు ఎర్ర గీత ఉందేమో చూడండి. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని దానర్థం.

ఇంకో తంటా డబుల్ డోసు. జలుబు మాత్ర వేసుకుని, ఒళ్లు వేడిగా ఉందని పైన డోలో 650 వేసేవాళ్లు మా ఫ్రెండ్స్‌లోనే బోలెడుమంది. చాలా జలుబు మాత్రల్లో పారాసెటమాల్ ముందే ఉంటుంది. అది మోతాదు మించితే దెబ్బ కాలేయానికి. ముక్కు దిబ్బడకి వేసే జైలోమెటజోలిన్ చుక్కలూ అంతే. నాలుగైదు రోజులు దాటాయంటే, ఆపిన వెంటనే దిబ్బడ మళ్లీ మొదలు. అప్పుడిక సీసా వదలడం కష్టం.

మరేం చేయాలంటే నిద్ర, నీళ్లు, ఉప్పునీళ్ల పుక్కిలింత. వేడివేడి మిరియాల చారు వైరస్‌ని చంపదు, కానీ గొంతుకి హాయి. దగ్గుకి తేనె మంచిదే, ఏడాది లోపు పిల్లలకి మాత్రం వద్దు. ఆవిరి పడితే కాసేపు సుఖంగానే ఉంటుంది, మరిగే గిన్నె పిల్లల దగ్గర పెట్టకండి.

ఊపిరి ఆడకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టినా, చెవి పోటు వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఆస్తమా ఉన్నవాళ్లు అంతవరకూ ఆగొద్దు. ఇవేవీ లేకుండా దగ్గొక్కటే రెండు మూడు వారాలు సాగితే కంగారేం లేదు, మెట్రోలో అందరూ మనవైపే తిరిగి చూసినా సరే.