సైన్యంలో నేర్చిన పనికి ఊళ్లో విలువ దక్కాలి

అమెరికా సైన్యంలో 68ఎఫ్ అనే ట్రేడ్ ఒకటుంది. దాని పేరు ఫిజికల్ థెరపీ స్పెషలిస్ట్. ఈ పనిలో ఉన్న సైనికులు ఆఫీసరు హోదాలోని ఫిజియోథెరపిస్టు కింద ఉంటూ గాయపడినవాళ్ల చేత వ్యాయామాలు చేయిస్తారు, కీలు ఎంతవరకు వంగుతోందో కొలిచి రాస్తారు, ఊతకర్రతో నడవడం నేర్పుతారు. కాల్బలంలోనో, వాహనాలు నడిపే విభాగంలోనో చేరినవాళ్లు కూడా సర్వీసు పొడిగించుకునేటప్పుడు, అర్హతలూ ఖాళీలూ కుదిరితే, ఈ ట్రేడ్‌లోకి మారవచ్చు. టెక్సస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో తరగతులు చదివి, ఆ తర్వాత సైనిక ఆస్పత్రుల్లో రోగుల దగ్గర పని నేర్చుకుంటారు. మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు ఈ పద్ధతి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. సైన్యం నుంచి తిరిగొచ్చే మన యువకుల చేతిలో ఇలాంటి విద్య ఉంటే, ఇక్కడ ఒళ్లు వంచి బతికేవాళ్లకు ఊళ్లోనే సాయం దొరుకుతుంది. అయితే సైన్యంలో నేర్చిన ప్రతి గంటనూ బయటి చట్టం గుర్తించినప్పుడే అది సాధ్యమవుతుంది.

సైన్యాలకు ఈ వైద్యం అవసరం కొద్దీ అలవడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ దెబ్బతిన్న వేలమందిని మళ్లీ మామూలు బతుకులోకి తేవడానికి అమెరికా 1917-18లో ‘రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్’ పేరుతో మహిళలకు శిక్షణ ఇచ్చింది. ఆ దేశంలో ఫిజియోథెరపీ ఒక వృత్తిగా నిలబడింది అక్కడి నుంచే. వియత్నాం యుద్ధకాలంలో ఎముకల డాక్టర్లు చాలకపోవడంతో, నడుము నొప్పితోనో మోకాలి నొప్పితోనో వచ్చినవాళ్లను ముందుగా సైన్యంలోని ఫిజియోథెరపిస్టులే పరీక్షించే ఏర్పాటు వచ్చింది. బరువులు మోస్తూ, పరుగులు తీస్తూ కండరాలకూ కీళ్లకూ తెచ్చుకునే గాయాలే ఇప్పటికీ అక్కడి సైనికులను విధులకు దూరం చేసే ప్రధాన కారణం. మన దేశంలోనూ ఈ అనుభవం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1944లో పుణెలో ఆర్టిఫీషియల్ లింబ్ సెంటర్ వెలిసింది. అదే నగరంలోని ఖడ్కీలో, వెన్నుపూస దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన జవాన్ల కోసం పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్ నడుస్తోంది. డాక్టరు ఆపరేషన్ చేసి వెళ్లాక, నెలల తరబడి రోజూ రోగి పక్కన నిలబడి కదలిక నేర్పే మనిషి లేకపోతే ఆ ఆపరేషన్ ఫలితం సగంలోనే ఆగిపోతుందని సైన్యానికి తెలుసు.

ఈ సంగతి మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో చూద్దాం. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చీర నేసేవాళ్లు గుంట మగ్గం అంచున కూర్చుని, కాళ్లతో తొక్కుతూ, ముందుకు వంగి, చేతులూ భుజాలూ ఒకే తీరున వేలసార్లు కదుపుతారు. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడుతూ గంటల తరబడి నేలమీదే ఉంటారు. నడుము, మెడ, భుజం, మోకాలు పట్టేయడం ఈ పనిలో అంతర్భాగం. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం, దాని చుట్టూ వచ్చిన విడిభాగాల పరిశ్రమలు, హిందూపురం దగ్గరి తూమకుంట పారిశ్రామికవాడ షిఫ్టుల్లో నిలబడి ఒకే కదలికను తిప్పితిప్పి చేసే కొత్త తరం కార్మికులను తయారుచేశాయి. వీరి పక్కనే వేరుశనగ చేలలో వంగి కలుపు తీసేవాళ్లూ, పట్టుపురుగులు పెంచేవాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో 2020 నాటికి 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడుతున్నారనీ, 2050కల్లా ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆపరేషన్ అవసరం లేని ఇలాంటి నొప్పులకు సరైన వ్యాయామం, కూర్చునే తీరులో మార్పు మొదటి వైద్యం. దాన్ని వారాల పాటు పట్టు విడవకుండా చేయించాలి. వంద కిలోమీటర్లు, అంతకు మించిన దూరంలోని బెంగళూరుకు వారానికి మూడుసార్లు వెళ్లి చేయించుకోవడం ఏ నేత కార్మికుడికీ కుదిరే పని కాదు, ఆ రోజు మగ్గం ఆగితే ఆ రోజు కూలి పోతుంది.

మరి చేయించే మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో చేరిన అగ్నివీరుల సర్వీసు నాలుగేళ్లు. వారిలో గరిష్ఠంగా 25 శాతం మందినే సైన్యం కొనసాగిస్తుంది. మిగిలినవాళ్లు పాతికేళ్ల వయసు అటూ ఇటూగా సేవానిధి సొమ్ముతో ఇంటికి వస్తారు. క్రమశిక్షణ, దేహదారుఢ్యం, శరీరం ఎంత బరువు ఓర్చుకుంటుందో సొంతంగా తెలిసిన అనుభవం వీరి ఆస్తి. అయితే చట్టం ఒక గీత గీసింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ప్రకారం ఆరోగ్య సంరక్షణ నిపుణుడికి కనీసం 3600 గంటల డిగ్రీ ఉండాలి, అనుబంధ ఆరోగ్య నిపుణుడికి కనీసం 2000 గంటల చదువు ఉండాలి. సైనిక ఆస్పత్రిలో చేసిన పనిని ఈ 2000 గంటల్లో జమ కట్టకపోతే తిరిగొచ్చిన జవాను మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టాలి. అమెరికాలోనూ ఈ చిక్కు ఉంది. 68ఎఫ్‌గా ఏళ్లు పనిచేసినా, బయట ఫిజియోథెరపిస్టు సహాయకుడిగా లైసెన్సు పొందాలంటే సాధారణంగా గుర్తింపు పొందిన రెండేళ్ల కోర్సు చదివి పరీక్ష రాయవలసిందే. మనం అనుకరించకూడనిది ఈ భాగాన్నే. అగ్నివీరుల కోసం ఇగ్నో రూపొందించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సైనిక శిక్షణకే దక్కుతున్నాయి. అదే సూత్రాన్ని పునరావాస వైద్యానికీ వర్తింపజేయడానికి అడ్డేముంది?

అరకొర శిక్షణతో వచ్చినవాళ్లు వెన్నుపూసలు విరిచేస్తారన్న భయం న్యాయమైనదే. ఎముక గుల్లబారిన వృద్ధురాలికీ, డిస్కు జారిన యువకుడికీ ఒకే వ్యాయామం చెబితే ప్రమాదం తప్పదు. అందుకే సైనిక పద్ధతిలోని అసలు రక్షణను వదలకూడదు. రోగిని పరీక్షించి ఏం చేయాలో నిర్ణయించేది ఫిజియోథెరపిస్టు, చేయించేది సహాయకుడు. సొంతంగా బోర్డు పెట్టుకునే హక్కు సహాయకుడికి ఉండకూడదు. డిగ్రీ చదివిన ఫిజియోథెరపిస్టులకే ఉద్యోగాలు లేవు, కొత్తవాళ్లను తెస్తే వారి పొట్ట కొట్టినట్టే కదా అన్నది రెండో అభ్యంతరం. ఒక ఫిజియో ఒంటరిగా రోజుకు కొద్దిమందినే చూడగలడు. ఇద్దరు సహాయకులుంటే ధర్మవరంలో కూర్చునే నేతవాడల్లోని రోగుల పురోగతిని కనిపెట్టగలడు. అంతమందికి సేవ అందుతుందంటే అలాంటి పోస్టులు సృష్టించమని ప్రభుత్వాన్ని అడగడానికి బలం వస్తుంది. మూడో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సైన్యం నుంచి వచ్చేవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే, నడుము నొప్పితో మగ్గం ఇంట్లో ఉన్న ఆడమనిషి పరాయి మగవాడి చేత వైద్యం చేయించుకోవడానికి జంకుతుంది. కాబట్టి ఈ కోర్సులో స్థానిక యువతులకు సమానంగా చోటు ఉండాలి. మాజీ సైనికులతోనే ఈ లోటంతా తీరదు.

పోరాడే యువకుడు వైద్యంవైపు మళ్లితే సైన్యానికి నష్టం కదా అని కూడా అడగవచ్చు. నాలుగేళ్ల తర్వాత ఎలాగూ బయటికి పంపే మనిషికి ఆఖరి ఏడాదిలో శిక్షణ ఇస్తే సైన్యం పోగొట్టుకునేది స్వల్పం. పైగా ఆ ఏడాది అతని చేతుల మీదుగా కోలుకున్న జవాన్లు తిరిగి విధుల్లో చేరతారు. చేయవలసినవి రెండే. సైనిక ఆస్పత్రుల్లోని శిక్షణను 2021 చట్టం కింద గంటలుగా లెక్కించే నియమం ఢిల్లీ నుంచి రావాలి. మిగిలిన గంటలను హిందూపురం ప్రభుత్వ ఆస్పత్రి లాంటి చోట పూర్తిచేసే బ్రిడ్జి కోర్సును రాష్ట్ర ప్రభుత్వం తెరవాలి. దేశం కోసం బరువు మోసిన యువకుడికి గౌరవమైన బతుకు, దేశానికి పట్టు నేసిన నడుముకు ఊరట ఈ రెండు నిర్ణయాలతో దక్కుతాయి. ఆ నిర్ణయాల కోసం మన ప్రజాప్రతినిధులను గట్టిగా అడగవలసిన సమయమిది.