ఖాతాలో డబ్బు పోతే నష్టం ఎవరిది?

మన ప్రమేయం లేకుండా సేవింగ్స్ ఖాతా నుంచి రూ.40,000 డెబిట్ అయినట్టు మెసేజ్ వచ్చిందనుకుందాం. ఆ నష్టంలో ఎవరి వాటా ఎంతో 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్‌లో తేల్చింది.

తప్పు బ్యాంకుదైతే మనకు పైసా నష్టం ఉండకూడదు. తప్పు ఇద్దరిదీ కాక, లోపం వ్యవస్థలో ఇంకెక్కడో ఉంటే, మనం ఎన్నాళ్లకు ఫిర్యాదు చేశామన్నదే కీలకం. 3 పనిదినాల్లో చెబితే మొత్తం వెనక్కి వస్తుంది. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాదారు గరిష్ఠంగా రూ.10,000 భరించాలి. పై ఉదాహరణలో మిగతా రూ.30,000 బ్యాంకు ఇస్తుంది. 7 పనిదినాలు దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానమే దిక్కు.

మెసేజ్ వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. శుక్రవారం మెసేజ్ వచ్చి, మర్నాడు రెండో శనివారమైతే, సోమవారమే మొదటి రోజు; బుధవారం దాకా గడువుంటుంది. ఫిర్యాదు అందాక 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో వ్యవహారం తేల్చాలి. అన్నిటికన్నా పెద్ద మార్పేమిటంటే, తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే.

అయితే ఓటీపీయో పిన్నో మనమే చెప్పేస్తే ఈ రక్షణ వర్తించదు. ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మనదే. ఆ తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. నేటి మోసగాళ్లు సర్వర్ల జోలికి పోకుండా మనుషులనే బెదిరించి, నమ్మించి పిన్ కొట్టిస్తున్నారు. రూలుకూ వాస్తవానికీ మధ్య ఎడం అక్కడే ఉంది.

ఆ ఎడాన్ని కొంత తగ్గించే ప్రయత్నం 2025 సెప్టెంబరులో వచ్చిన రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లో కనిపిస్తుంది. అమలు గడువు 2026 ఏప్రిల్ 1. చెల్లింపుదారును గుర్తించడానికి రెండు ఆధారాలు ఉండాలి. ఆన్‌లైన్ చెల్లింపుల్లో వాటిలో ఒకటి ఆ ఒక్క లావాదేవీకే పనికొచ్చేదై ఉండాలి. ఫోన్, ఊరు, ఖర్చుపెట్టే తీరు మామూలుకు భిన్నంగా ఉంటే బ్యాంకు అదనపు తనిఖీ పెట్టవచ్చు. ఈ ఆదేశాలు పాటించకపోవడం వల్ల నష్టం జరిగితే పూర్తి పరిహారం ఇవ్వాల్సిందే.

మోసం జరిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడంతో పాటు బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. ఫిర్యాదు నంబరు తీసుకుని, తేదీ, సమయం రాసిపెట్టుకోవాలి. మూడు రోజుల లెక్కకు సాక్ష్యం అదే.