బియాట్రిస్ షిల్లింగు

యంత్రవిద్య పురుషులకే తగునను వారికి ఈమె చరిత్రమే ప్రత్యుత్తరము. 1909లో ఇంగ్లండున జన్మించిన షిల్లింగు పదునాలుగవయేటనే మోటారుసైకిలు కొని, ఇంజనును విప్పి మరల బిగించుట నేర్చెను. పిమ్మట మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టమును బడసెను.

నార్టను మోటారుసైకిలును స్వహస్తములతో సవరించి, వేగము హెచ్చించి, 1934లో బ్రూక్లాండ్సు పందెపుబాటను గంటకు 106 మైళ్ల వేగమున చుట్టివచ్చి స్వర్ణనక్షత్రమును గైకొనెను.

ఆ హస్తకౌశలమే యుద్ధకాలమున అక్కఱకు వచ్చెను. బ్రిటిషు యుద్ధవిమానములు ముక్కు వంచి దూకునపుడు పెట్రోలు మితిమీరి పొర్లి ఇంజను ఆగిపోవుచుండెను. 1941లో ఈమె నడుమ రంధ్రముగల చిన్న లోహపుబిళ్ళ నమర్చి, ఆ యాపదను చాలవఱకు తప్పించెను.

కావున మన బాలిక కుట్టుయంత్రమును విప్పి చూడగోరినచో వారింపకుడు. చెంతనుండి దీపము పట్టుడు.