త్రవ్విన మట్టికి లెక్క

గోడ కట్టిన తరువాత దాని పొడవు, వెడల్పు, ఎత్తు ఎప్పుడైనను కొలిచి చూడవచ్చును. అనుమానము కలిగినచో మరల కొలవవచ్చును. గొయ్యి సంగతి అట్లు కాదు. గోతిలోనుండి ఎంత మట్టి తీసితిమో తెలియవలెనన్న, దాని అడుగును కొలిచిన చాలదు. త్రవ్వకముందు నేల ఎట్లుండెనో కూడ తెలియవలెను. త్రవ్వగనే ఆ నేల మాయమగును. మట్టిపని లెక్కలోని చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఈ చిక్కు ఎంత పెద్దదో తెలిసికొనుటకు కాళేశ్వరము చక్కని ఉదాహరణము. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియుచోట ఈ క్షేత్రము కలదు. సంగమమునకు దిగువను మేడిగడ్డ బ్యారేజి, ఎగువను అన్నారము బ్యారేజి నిర్మింపబడినవి. మేడిగడ్డ పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 100 మీటర్ల ఎత్తు. అన్నారము మట్టము 119 మీటర్లు. నీరు తనంత తాను పైకెక్కదు. కావున కన్నెపల్లి వద్ద పంపులతో నీటిని ఎత్తి, అక్కడనుండి సుమారు 13 కిలోమీటర్ల కాలువలో వాలునుబట్టి అన్నారమునకు పారునట్లు ఏర్పాటు చేసిరి. ఈ పథకమునకు 2016 మే 2న శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభోత్సవము జరిగినవి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజి స్తంభములు కొన్ని క్రుంగిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ కట్టడపు విషయము వేరు. ఇచ్చట మనము చూడబోవునది మట్టి లెక్క మాత్రమే.

13 కిలోమీటర్ల కాలువను అడ్డముగా కోసి చూచినచో కనబడు వైశాల్యమును అడ్డుకోత వైశాల్యము అందురు. అది అంతటను ఒక్క చదరపు మీటరు మాత్రము తప్పుగా లెక్కింపబడినదనుకొందము. 13,000 మీటర్ల పొడవున తేడా 13,000 ఘనపు మీటర్లగును. టిప్పరుకు పది ఘనపు మీటర్ల చొప్పున లెక్కించినను ఇది 1,300 బండ్ల మట్టి! మట్టిపనికి సొమ్ము ఘనపు మీటరు చొప్పున చెల్లింతురు. కావున కొలత ఎక్కువైన ప్రజల సొమ్ము, తక్కువైన పనిచేసినవారి కష్టము వృథాయగును. 2006లో ఆరంభమైన ఉపాధి హామీ పనులలో గుంత కొలతనుబట్టి కూలి కట్టుట మన పల్లెలవారు ఎరిగినదే.

పాతనేలకు సాక్షులు

వెనుకటి దినములలో పలుగు, పార, గంపలతో మట్టి త్రవ్వునపుడు, గోతి నడుమ అక్కడక్కడ కొంత మట్టిని త్రవ్వక దిమ్మెలుగా విడిచెడివారు. దిమ్మె తలపై పాతనేల గడ్డితో సహా నిలిచియుండెడిది. దాని ఎత్తు కొలిచినచో అచ్చట ఎంత లోతు త్రవ్విరో తెలియును. దిమ్మెపై కొత్తమట్టి వేసి ఎత్తు పెంచినచో గడ్డివేళ్ళే ఆ మోసమును బయటపెట్టెడివి. కొలతలన్నియు తీసిన తరువాతనే దిమ్మెలను తొలగించెడివారు.

నేడు పెద్ద యంత్రములు దినములలో కొండలను కరగించుచున్నవి. వాని దారిలో దిమ్మెలు నిలుచుటకు వీలులేదు. కావున ఆ సాక్ష్యమును అంకెలు వహింపవలసి వచ్చినది. త్రవ్వకముందే నేలపై అనేక బిందువులను కొలిచి కంప్యూటరులో చేర్తురు. ఒక్కొక్క బిందువునకు సంఖ్య, తూర్పు దూరము, ఉత్తర దూరము, ఎత్తు, ఆ బిందువు ఏమిటో తెలుపు చిన్నమాట - ఈ అయిదును ఉండవలెను. "గట్టు పైఅంచు", "వాగు అడుగు" వంటి చిన్నమాటలే తరువాత తప్పులు పట్టుటకు ఎక్కువగా తోడ్పడును.

ఎత్తు ఎట్లు వచ్చును? ఎత్తు తెలిసిన ఒక స్థిరమైన గుర్తును బెంచిమార్కు అందురు. దాని ఎత్తు 100.000 మీటర్లు అనుకొందము. దానిపై నిలిపిన కొలబద్దను లెవెలు యంత్రముతో చూడగా 1.250 కనబడినది. అనగా యంత్రపు దృష్టిరేఖ 101.250 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇప్పుడు కొలబద్దను మరియొక చోట నిలుపగా 2.100 కనబడినచో, అచ్చటి నేల ఎత్తు 101.250 - 2.100 = 99.150 మీటర్లు. టోటల్ స్టేషను, ఉపగ్రహ సంకేతములనందుకొను పరికరము, డ్రోను - ఇవి పనిని వేగపరచినవి. కాని ఎత్తును తెలిసిన గుర్తుతో సరిచూచుట ఎవరికిని తప్పదు.

బిందువులనుండి నేల

కంప్యూటరు తనకిచ్చిన బిందువులను మూడేసి చొప్పున కలిపి త్రిభుజముల వల అల్లును. మూడు బిందువుల గుండ ఒకే ఒక సమతలము పోవును గనుక త్రిభుజము ఇందులకు తగినది. అయితే అవే బిందువులను అనేక విధములుగా కలుపవచ్చును గదా? రష్యా గణితవేత్త బోరిస్ డెలోనే 1934లో ప్రకటించిన నియమము ఇచ్చట ఉపయోగపడును: ఏ త్రిభుజపు మూడు శీర్షముల గుండ వృత్తము గీచినను, ఆ వృత్తములోపల మరియొక బిందువు ఉండరాదు. దీనివలన సన్నగా సాగిన త్రిభుజములు వీలైనంత తగ్గును.

త్రవ్వకముందటి నేలకు ఒక వల, త్రవ్విన తరువాతి అడుగునకు మరియొక వల. ఈ రెండింటి నడుమనున్నదే త్రవ్విన మట్టి. పై వలలోని త్రిభుజము క్రింది వలలోని త్రిభుజముపై సరిగా పడదు. కావున ప్రోగ్రాము రెండింటిని చిన్న ముక్కలుగా ఖండించి, ముక్కముక్కకు లెక్కగట్టి కూడును. సూత్రము పదవ తరగతివారికి సుబోధకమే: త్రిభుజ వైశాల్యమును మూడు మూలల లోతుల సగటుచే గుణింపవలెను. వైశాల్యము 200 చదరపు మీటర్లు, లోతులు 3.0, 3.6, 4.2 మీటర్లు అయినచో సగటు 3.6, మట్టి 720 ఘనపు మీటర్లు.

కొలతలు చేర్చుట

బిందువులు ఎన్ని తీసితిమనుట కంటె ఎక్కడ తీసితిమనుట ముఖ్యము. రెండు బిందువుల నడుమ నేల తిన్నగా ఉన్నదని కంప్యూటరు భావించును. చూడని గట్టును అది ఊహింపలేదు. 20 మీటర్లకొక వరుస చొప్పున కొలిచినారనుకొందము. రెండు వరుసల నడుమ ఒక పాత పంటకాలువ ఉన్నది. దాని పైవెడల్పు 8 మీటర్లు, అడుగు వెడల్పు 2 మీటర్లు, లోతు 2 మీటర్లు. అడ్డుకోత వైశాల్యము 10 చదరపు మీటర్లు. 100 మీటర్ల పొడవున అందులో ఖాళీ 1,000 ఘనపు మీటర్లు. కొలతలలో అది రాలేదు కావున, అచ్చట ఎన్నడును లేని 1,000 ఘనపు మీటర్ల మట్టిని త్రవ్వినట్లు లెక్క వచ్చును. అదే కొలతలుగల గట్టు ఉండి అది తప్పిపోయినచో, నిజముగా త్రవ్విన 1,000 ఘనపు మీటర్లు లెక్కకు రావు.

అందుచే వాలు మారు ప్రతిచోట, అనగా గట్టు పైఅంచున, పాదమున, వాగు ఒడ్డున, అడుగున కొలతలు తీసి, ఆ అంచువెంట బిందువులను రేఖగా కలిపి ప్రోగ్రామునకు ఇయ్యవలెను. దీనిని బ్రేక్‌లైను అందురు. ఏ త్రిభుజమును ఈ రేఖను దాటి పోరాదని దీని అర్థము. కొలిచిన మేర ఎంతవరకో తెలుపు సరిహద్దు రేఖను కూడ చేర్పవలెను. లేనిచో ఎవరును చూడని నేలపై సైతము త్రిభుజములు అల్లుకొనును.

కొలతలు సవరించుట

కొలతలలో తప్పులు దొరలుట సహజము. చదరమునకు 20 మీటర్ల భుజముతో తీసిన బిందువులలో, నడుమనున్న ఒక బిందువు చుట్టు ఆరు త్రిభుజములు, ఒక్కొక్కటి 200 చదరపు మీటర్లు ఉన్నవనుకొందము. ఆ ఒక్క బిందువు ఎత్తులో ఒక మీటరు తప్పు వచ్చినచో, మట్టి లెక్కలో 1,200ను 3చే భాగించగా వచ్చు 400 ఘనపు మీటర్ల తప్పు వచ్చును.

104.32 అను ఎత్తును 140.32 అని కొట్టినచో 36 మీటర్ల తేడా. 14,400 ఘనపు మీటర్ల తప్పు. అయినను ఇది భయపడవలసిన తప్పు కాదు. తెరమీద నేల నడుమ గోపురమువలె లేచి కనబడును. 104.32కు బదులు 103.42 అని కొట్టినచో తేడా 0.90 మీటరే, అది చిన్న పల్లమువలె కనబడి ఎవరి కంటను పడదు. 360 ఘనపు మీటర్లు మాత్రము లెక్కలో కలిసిపోవును. కావున ప్రతి బిందువును పొరుగు బిందువులతోను, ఫీల్డుబుక్కుతోను పోల్చి చూడవలెను.

మూడవ తప్పు మరింత గూఢమైనది. బెంచిమార్కు ఎత్తునే 5 సెంటీమీటర్లు తప్పుగా తీసికొన్నచో బిందువులన్నియు కలిసి జరుగును. నేల రూపము చక్కగానే కనబడును. త్రవ్వకముందును, తరువాతను అదే గుర్తుతో కొలిచినచో తప్పు రెండువైపుల కొట్టివేయబడును. రెండవసారి మరియొక గుర్తును వాడినచో హెక్టారుకు 500 ఘనపు మీటర్ల తేడా వచ్చును.

అడవి ప్రాంతములలో మరియొక చిక్కు. కాళేశ్వరము చుట్టుపట్ల వంటి చెట్టుచేమలుగల నేలను డ్రోను పైనుండి చిత్రించునపుడు, అది చూచునది నేలను కాదు, ఆకులను. ఆ బిందువులను తీసివేయనిచో పొదల ఎత్తంతయు మట్టిగా లెక్కకు వచ్చును.

మరి ఏది సవరింపవచ్చును, ఏది సవరింపరాదు? ఫీల్డుబుక్కులో ఒకటి, కంప్యూటరులో మరియొకటి ఉన్నచో సవరింపవచ్చును. చెట్టుకొమ్మను నేలగా తీసికొన్న బిందువును తొలగింపవచ్చును. అనుమానము కలిగినప్పుడు నేల ఇంకను త్రవ్వబడకున్నచో పోయి మరల కొలవవలెను. కాని, "ఇచ్చట పల్లము ఉండదు" అను ఊహతో అంకెను మార్చుట సవరణ కాదు, కల్పన. త్రవ్విన తరువాత ఆ ఊహను పరీక్షించుటకు నేల మిగిలియుండదు.

ప్రభుత్వ పనులలో కొలతల పుస్తకమునకు, అనగా ఎం. బుక్‌కు, ఒక పాత నియమము కలదు: సిరాతో వ్రాయవలెను; చెరిపివేయరాదు; తప్పు వచ్చినచో పాత అంకె కనబడునట్లు గీత కొట్టి, సరియైనది వ్రాసి, ప్రక్కన పొడిసంతకము చేయవలెను. కంప్యూటరులో పాత అంకెపై కొత్త అంకె కొట్టినచో పాతది జాడలేక పోవచ్చును. సివిల్ త్రీడి వంటి ప్రోగ్రాములలో, నేలరూపముపై చేసిన సవరణలు ఒక పట్టికలో వరుసగా నిలుచును. వేనినైనను ఆపి, ఆ సవరణ లేనిచో లెక్క ఎంత వచ్చునో చూడవచ్చును. అయినను ఎవరు, ఎందుకు మార్చిరో మనుష్యుడే వ్రాయవలెను. కొలిచిన మొదటి ఫైలును ముట్టక భద్రపరచి, నకలుపై మాత్రమే సవరణలు చేయుట మంచి పద్ధతి.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల ఆవరణలోనే చూపవచ్చును. ఎరువుగుంత త్రవ్వబోవు చోట 4 మీటర్ల చదరమును మీటరుకొక గీత చొప్పున గీచినచో 25 బిందువులు వచ్చును. తాపీపనివారు వాడు, నీరు నింపిన పారదర్శక గొట్టముతో ప్రతి బిందువు ఎత్తు కొలిచి సిరాతో వ్రాయవలెను. గుంత త్రవ్విన తరువాత అవే చోట్ల మరల కొలవవలెను. ఒక్కొక్క మీటరు చదరమునకు నాలుగు మూలల లోతుల సగటే ఘనపు మీటర్లలో అచ్చటి మట్టి. అన్నింటిని కూడుడు. పిమ్మట నడిమి బిందువు ఎత్తును 10 సెంటీమీటర్లు మార్చి మరల కూడుడు. లెక్క 0.1 ఘనపు మీటరు, అనగా 100 లీటర్లు, మారును. పది లీటర్ల బకెట్లు పది!

పైకి తీసిన మట్టిని బకెట్లతో కొలిచినచో గుంత లెక్కకంటె ఎక్కువ వచ్చును. ఏలయన త్రవ్విన మట్టి వదులై ఉబ్బును. ఎంత ఉబ్బినదో విద్యార్థులే లెక్కగట్టి, ఎర్రమట్టికిని నల్లరేగడికిని గల తేడాను పోల్చి చూడవచ్చును. అయితే పార పట్టకముందే 25 ఎత్తులును పుస్తకములో ఎక్కినవో లేదో ఒకసారి సరిచూచుకొనవలెను.