కారు మొరాయిస్తే కంగారెందుకు?

పెళ్లికో, గుడికో, పుట్టింటికో వెళ్లాలంటే ఒకప్పుడు ఇంట్లో మగవాళ్లకి సెలవు దొరకాలి. ఇప్పుడా బాధ చాలామందికి తప్పింది. మా ఖమ్మంలోనే చూడండి... ఉదయం స్కూళ్ల ముందు ఆగే కార్లలో స్టీరింగు పట్టుకుని కనిపించేది ఎక్కువగా అమ్మలే. పిల్లల్ని దింపడం, కూరగాయలు తేవడం, అత్తగారిని డాక్టరుకు చూపించడం, అన్నీ మనమే. కారు అయితే మన చేతికొచ్చింది గానీ, బానెట్ కింద ఉన్నది మాత్రం ఇంకా మనది కాదన్నట్టే ఉంటాం. అది మెకానిక్‌దో, మావారిదో!

ఆ బానెట్ కింద ఓ మూల కూర్చునే బ్యాటరీ చేతులెత్తేస్తే ఆదుకునే చిన్న డబ్బా ఒకటుంది. జంప్ స్టార్టర్ అంటారు. పిల్లల టిఫిన్ బాక్సంత ఉంటుంది. దానికి రెండు పొట్టి వైర్లు, చివర ఎర్ర క్లిప్పు ఒకటి, నల్ల క్లిప్పు ఒకటి. లోపల లిథియం బ్యాటరీ. మూడు నాలుగు వేల రూపాయల నుంచి దొరుకుతుంది. "ఇంత డబ్బు పోసి ఏడాదికోసారి కూడా వాడని వస్తువా?" అంటారు ఇంట్లో. మావారూ అదే అన్నారు. ముక్కోటి తర్వాత మాకు జరిగింది చెబితే మీకే అర్థమవుతుంది.

రెండేళ్ల కిందటి మాట. ముక్కోటి రద్దీ తగ్గాక అత్తయ్యని, మా అమ్మాయిని తీసుకుని భద్రాచలం వెళ్లాను. మావారు ఊళ్లో లేరు. దర్శనం చేసుకుని, గోదావరి వంతెన దాటి, సారపాక, బూర్గంపాడు మీదుగా తిరిగొస్తున్నాం. పాల్వంచ ఇంకా కొంత దూరముందనగా అత్తయ్య కాళ్లు పట్టేశాయంటే అడవి పక్కన ఆపాను. ఐదు నిమిషాలు నడిచి వచ్చి కూర్చున్నాక, సెల్ఫ్ తీసుకోలేదు. టక్... టక్... టక్... అంతే. డాష్‌బోర్డులో లైట్లు మిణుకుమంటున్నాయి. సాయంత్రం ఆరు కావస్తోంది. అత్తయ్యకు ఇన్సులిన్ వేళ దగ్గర పడుతోంది. ఫోను తీస్తే సిగ్నల్ గీత ఒకటి వస్తుంది, పోతుంది.

మోటారుసైకిలు మీద ఇద్దరు అటు వెళ్లి, ఇటు వచ్చి, మళ్లీ అటు వెళ్లారు. మంచివాళ్లే కావచ్చు. సాయం చేద్దామనే చూశారేమో కూడా. కానీ చీకటి పడే వేళ, పక్కన ఎదిగిన ఆడపిల్లని పెట్టుకున్న తల్లికి ఆ ఆలోచన రాదు. కారు తలుపులు లాక్ చేసుకుని కూర్చున్నాం.

చివరికి ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, తాళం తిప్పమని చెవి పెట్టి విన్నాడు. "బ్యాటరీ దిగిపోయిందక్కా" అన్నాడు. మీ లారీ బ్యాటరీ నుంచి ఇవ్వచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. "మాది 24 వోల్టులు, మీది 12. పెడితే మీ బండి కాలిపోద్ది. పోనీ నెడదామంటే మీది గేర్లు లేని బండి." నిజమే. గేర్లున్న కారయితే నలుగురు నెడుతుంటే సెకండ్ గేర్లో క్లచ్ వదిలి స్టార్ట్ చేయొచ్చు. మన ఆడవాళ్లం నడపడానికి తేలికని ముచ్చటపడి కొనుక్కునే ఆటోమేటిక్ కారుకి ఆ దారి లేదు. ఆ అబ్బాయి వెళ్లిపోలేదు. లారీ లైట్లు మా వైపు వేసి ఉంచి, గంటన్నర తర్వాత వైర్లున్న టాక్సీ ఒకటి దొరికేదాకా నిలబడ్డాడు. డబ్బిస్తే తీసుకోలేదు.

మర్నాడు బ్యాటరీ షాపులో తెలిసిందేమంటే, మూడేళ్లు దాటిన ఆ బ్యాటరీకి ఆయుష్షు ఎప్పుడో అయిపోయింది. సెల్ఫ్ తిరిగే ఆ రెండు క్షణాల్లో మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. ఖర్చయిన ఆ కరెంటును నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నింపాలి. స్కూలుకి రెండు కిలోమీటర్లు, బజారుకి ఒకటిన్నర... మన తిరుగుళ్లలో అది నిండే వ్యవధి ఏదీ? పైగా మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు 45 డిగ్రీలు దాటే ఎండ. బ్యాటరీని లోలోపల తినేసేది ఆ ఎండే, బయటపడేది మాత్రం చలికాలంలో.

ఇంకో సంగతి. తొలినాళ్లలో కారును ముందు నుంచి ఇనప హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. అందుకే డ్రైవింగు మగవాళ్ల పనైంది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చాక రెక్కల బలంతో పని లేకుండా పోయింది. ఆడవాళ్లకి కారు దగ్గరైంది అప్పుడే. బ్యాటరీ చచ్చిందంటే మనం మళ్లీ 1912కి ముందుకి వెళ్లిపోయినట్టే కదా, ఎవరో ఒక మగాడు రావాలని రోడ్డుకేసి చూస్తూ!

నేను ఆ నెలలోనే జంప్ స్టార్టర్ కొన్నాను. కొనేటప్పుడు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె చూసి మోసపోకండి. మీ ఇంజన్ పెట్రోలుదా, డీజిలుదా, ఎన్ని లీటర్లది అని చెప్పి అడగండి. డీజిల్ ఇంజన్‌ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. క్లిప్పులు తారుమారుగా పెడితే కీచుమని అరిచి, కరెంటు ఆపేసే రకమే తీసుకోండి.

వాడటం కుక్కర్ మూత పెట్టినంత సులువు. కాకపోతే ముందు చేతికున్న లోహపు గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. గాజు రెండు టెర్మినల్స్‌కీ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది. మంగళసూత్రం జాకెట్ లోపలికి, కొంగు నడుముకి. చున్నీ అయితే విప్పి సీట్లో పడెయ్యండి. ఇంజన్ అందుకున్నాక తిరిగే బెల్టు దేన్నీ ఊరుకోదు. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది కాబట్టి పక్కన సిగరెట్ వెలిగించే పెద్దమనిషిని దూరంగా పొమ్మనండి. ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి తగిలించి, డబ్బా మీద పచ్చలైటు వచ్చాక తాళం తిప్పడమే. మూడు నాలుగు సెకన్లకి మించి తిప్పొద్దు. అందుకోకపోతే ఓ నిమిషం ఆగి మళ్లీ తిప్పండి. స్టార్ట్ అయ్యాక ముందు నల్లది, తర్వాత ఎర్రది తీసెయ్యాలి. వైరును డబ్బాకి ఎప్పుడు గుచ్చాలన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఆ కాగితం ఇంట్లోనే చదువుకోండి. అడవిలో టార్చి వెలుగులో చదివే ఓపిక ఎవరికుంటుంది? ఇక ఇంజన్ ఆపకుండా తిన్నగా బ్యాటరీ షాపుకే. ఈ డబ్బా కారుని లేపుతుందే గానీ, బ్యాటరీని నింపదు.

పెట్రోలు అయిపోతే, సెల్ఫ్ మోటారే కాలిపోతే ఇదేమీ చేయలేదు. అందుకని 112, జాతీయ రహదారి మీద 1033 నంబర్లు ఫోన్లో ఉండాల్సిందే. మూడు నెలలకోసారి ఛార్జి పెట్టడం మరిచిపోతే ఇదీ ఇటుకతో సమానం. నేను గ్యాస్ బుకింగ్ తేదీ పక్కనే క్యాలెండర్‌లో రాసుకుంటాను. ఎండాకాలం మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటుతుంది, లిథియంకి అది పడదు. కాబట్టి డిక్కీలో వదిలెయ్యకుండా హ్యాండ్‌బ్యాగుతో పాటే ఇంట్లోకి తెచ్చుకోవాలి.

మొన్న కొత్తగూడెంలో ఓ పెళ్లి. భోజనాలయ్యాక మా దూరపు చుట్టాల కారు కదల్లేదు. చుట్టూ పదిమంది మగవాళ్లు, పదకొండు సలహాలు. నేను డబ్బా తీసుకెళ్తే "మీకెందుకమ్మా, ఇటివ్వండి" అని ఒకాయన లాక్కుని ఎర్ర క్లిప్పు మైనస్‌కి పెట్టాడు. కీచుమంది! "అన్నయ్యగారూ, అటు కాదు" అని తీసుకుని సరిగ్గా తగిలించాను. కారు అందుకుంది. ఆయన మాట్లాడలేదు గానీ, పట్టుచీరల్లో ఉన్న ముగ్గురు వచ్చి ధరెంతని అడిగారు. నాలుగో ఆవిడ, "ఎల్లుండి పిల్లలతో చర్ల వెళ్లాలి వదినా, రెండు రోజులు ఇస్తావా?" అంది. రాత్రికి ఛార్జి పెట్టి ఇస్తానన్నాను.