గేమ్ ఆర్ట్: మీ పనిని చూపే వెబ్‌సైటు

వీడియో గేములలో కనిపించే ఇళ్ళు, వాహనాలు, మనుషుల బొమ్మలను కళాకారులు కంప్యూటరుపై తయారుచేస్తారు. మన దేశంలో ఈ పని కొత్తది కాదు. బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థ విదేశీ గేములకు బొమ్మలు చేసి ఇచ్చేది. 2019లో రాక్‌స్టార్ గేమ్స్ దానిని కొనుగోలు చేసింది. ఇటువంటి చోట ఉద్యోగం కోరేవారు ముందుగా తమ పనిని చూపవలసి ఉంటుంది. దానికే ఈ వెబ్‌సైటు.

ఇరవై బొమ్మల కంటే మంచివి ఆరు మేలు. ఒక్క బలహీనమైన బొమ్మ మిగిలినవాటి విలువనూ తగ్గిస్తుంది.

మీరు ఒక ఎడ్లబండి బొమ్మ చేశారనుకుందాం. పూర్తయిన బొమ్మ ఒక్కటే చాలదు. రంగులు తీసివేసి, గీతల అల్లికను మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్‌ను పక్కనే పెట్టండి. త్రిభుజాల సంఖ్య కూడా రాయండి. ఎందుకు? ఆట నడిచేటప్పుడు కంప్యూటరు ఆ బండిని సెకనుకు 30 లేదా 60 సార్లు తిరిగి గీయాలి. త్రిభుజాలు అనవసరంగా పెరిగితే ఆట మందగిస్తుంది. చక్రం గుండ్రంగా కనిపించడానికి మీరు ఎన్ని త్రిభుజాలు వాడారో, ఎవరూ చూడని బండి అడుగున ఎన్ని ఆదా చేశారో ఆ అల్లిక చెబుతుంది. బొమ్మను ఇద్దరు కలిసి చేస్తే మీ వంతు ఏదో స్పష్టంగా తెలపండి.

ఖర్చుకు వెనుకాడనవసరం లేదు. బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సొంత వెబ్‌సైటు పెట్టుకోలేనివారు ఆర్ట్‌స్టేషన్‌లో ఉచితంగా పేజీ తెరవవచ్చు. మొదటి పేజీలోనే బొమ్మలూ, మీ ఈమెయిలూ కనిపించాలి. స్వాగత వాక్యాలు, గంతులువేసే అక్షరాలు (కొత్తవారికి వీటిపై మోజు ఎక్కువ) అక్కరలేదు.

పాఠంలోని ప్రశ్న: మీరు చేసిన బొమ్మలలో దేనిని తీసివేస్తారు? కారణం రెండు వాక్యాలలో రాయండి.